పట్టికలోని సున్నాలు: వెలిగొండల అంచున పూలకూ కీటకాలకూ ఉన్న లెక్క

నమస్కారం. తెరపై మీరు చూస్తున్న పట్టికలో నిలువుగా మొక్కల పేర్లు, అడ్డంగా కీటకాల పేర్లు ఉన్నాయి. తంగేడు పువ్వు మీద నల్ల తుమ్మెద వాలితే, ఆ రెండు వరుసలూ కలిసే గడిలో ఎన్నిసార్లు వాలిందో ఆ అంకె వేస్తారు. వాలగా చూడకపోతే సున్నా వేస్తారు. ఒక ప్రాంతంలోని మొక్కలను, వాటి పరాగ వాహకాలను, అంటే పుప్పొడి మోసే జీవులను, కలిపే సంబంధాల వలను శాస్త్రజ్ఞులు నెట్‌వర్క్ అంటారు. దాని అధ్యయనమంతా ఈ పట్టికతోనే మొదలవుతుంది. నెల్లూరు జిల్లా ఉదయగిరి వైపు, వెలిగొండల అంచున ఉన్న ఒక క్షేత్ర కేంద్రంలో ఈ అంశంపై కార్యశాల జరిగింది. ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో నేను అందులో పాల్గొన్నాను. మేము తయారు చేసిన పట్టికలో అంకెలున్న గడుల కంటే సున్నాలున్న గడులే ఎన్నో రెట్లు ఎక్కువ. ఈ రోజు ఆ సున్నాల గురించే మాట్లాడతాను, ఎందుకంటే ఈ శాస్త్రంలో తొందరపాటు తీర్మానాలు ఎక్కువగా పుట్టేది అక్కడేనని నా అభిప్రాయం.

గమనించే పద్ధతి సులువైనదే. ఒక్కో మొక్క ముందు నిర్ణీత సమయం కదలకుండా కూర్చుని, పువ్వులో పుప్పొడి ఉండే కేసరాలనో, పుప్పొడి అందుకునే కీలాగ్రాన్నో తాకిన కీటకాలను మాత్రమే నమోదు చేయాలి. రేకు మీద ఎండ కాచుకునే ఈగకు, పువ్వు అడుగు భాగాన్ని చీల్చి మకరందం తాగిపోయే తుమ్మెదకు ఈ లెక్కలో చోటు లేదు.

మొదట తంగేడును తీసుకుందాం, ఎందుకంటే అందులోని సున్నాకు స్పష్టమైన కారణం కనిపిస్తుంది. తంగేడు పువ్వులో మకరందం ఉండదు. వచ్చిన కీటకానికి అది ఇచ్చేది పుప్పొడి మాత్రమే. ఆ పుప్పొడి కూడా మందార పువ్వులో లాగా పైకి రాలేలా ఉండదు. పుప్పొడి సంచి అయిన పరాగకోశం కొసన ఉన్న చిన్న రంధ్రం గుండా మాత్రమే అది బయటకు వస్తుంది. నల్ల తుమ్మెద పువ్వును కాళ్లతో బిగించి పట్టుకుని, రెక్కలు కదల్చకుండానే రొమ్ము కండరాలను అదరగొడుతుంది. ఎగిరేటప్పుడు వినిపించే బొంగురు ఝంకారం అప్పుడు ఒక్కసారిగా సన్నగా, తీక్షణంగా మారుతుంది. ఆ అదురుకు పసుపు పొడి చిమ్ముతుంది. పొట్టి కేసరాల నుంచి తుమ్మెద తనకు కావలసినది దులుపుకుంటూ ఉంటే, వంపు తిరిగిన పొడవాటి కేసరాలు దాని ఒంటి మీద మరోచోట పుప్పొడి అద్దుతాయి. మరో పువ్వు కీలాగ్రానికి చేరేది ఈ రెండో పుప్పొడి. మన తేనెటీగలకు ఇలా అదరగొట్టే విద్య రాదు. అవి రేకుల మీద రాలినది ఏరుకోవడానికి రావచ్చు గానీ, పరాగకోశాన్ని ఖాళీ చేయలేవు. కాబట్టి తంగేడుకూ తేనెటీగకూ మధ్య పడిన సున్నా శరీర నిర్మాణం నిర్ణయించిన సున్నా. ఎన్ని గంటలు కూర్చున్నా అది పెద్దగా మారదు. వంగ, టమాటా పూలలో కూడా ఇదే ఏర్పాటు ఉంది కనుక, వంగతోట గట్టున తేనెటీగల పెట్టెలు పెట్టినంత మాత్రాన తుమ్మెదలు లేని లోటు తీరుతుందనుకోవడం సరికాదు. రైతులకు పెట్టెలు అందించే పథకాల మీద నాకు వ్యతిరేకత లేదు; అన్ని పంటలకూ అదొక్కటే మందు అనే ప్రచారంతోనే నాకు పేచీ.

ఇలా జరగడానికి వీలే లేని సంబంధాలను 2003లో పెద్రో హోర్దానో, జోర్డి బాస్కోంప్టె, యెన్స్ ఓలెసెన్ ఒక పరిశోధనా వ్యాసంలో నిషిద్ధ సంబంధాలుగా విడదీసి చూపారు. పూసే కాలం, కీటకం ఎగిరే కాలం కలవకపోవడం, గొట్టం లాంటి పువ్వు లోతుకు నాలుక పొడవు చాలకపోవడం వంటివి ఆ కోవలోకి వస్తాయి.

రెండో రకం సున్నాకు కారణం మొక్కలోనూ లేదు, కీటకంలోనూ లేదు, చూసేవాళ్ల గడియారంలో ఉంది. కేంద్రానికి పక్కనే ఉన్న బీర పాదు దగ్గర ఉదయం పూట కూర్చున్న బృందానికి దాదాపు అన్నీ సున్నాలే వచ్చాయి. ఆ పాదు పెంచుతున్న పెద్దావిడ మా కాగితాలు చూసి, "పొద్దున్నే వచ్చి కూర్చుంటే ఏముంటుంది నాయనా, దీపాలు పెట్టే వేళకు రండి, అప్పుడు గదా పూలు విచ్చుకునేది" అన్నారు. బీర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. సొర పువ్వుదీ అదే దారి, దాని తెల్లని రేకులు చీకటిలో రెక్కల పురుగులకు ఆనవాలు. వరసకు దాయాది అయిన నేతిబీర మాత్రం తెల్లవారుజామున పూసి పగటి తేనెటీగలను పిలుస్తుంది. ఉదయం ఏడింటి నుంచి మధ్యాహ్నం వరకు మాత్రమే పనిచేసే పట్టికలో నేతిబీరకు బోలెడన్ని బంధువులు, బీరకు ఒక్కరూ లేనట్లు కనిపిస్తుంది. రాత్రి గబ్బిలాల కోసం పూసే ఇప్ప, బూరుగు చెట్ల సంగతి కూడా ఇంతే.

మేడిచెట్టుది మరీ విచిత్రమైన సున్నా. దాని పూలు కాయలాంటి గూడు లోపలి గోడలకు ఉంటాయి. నలుసంత కందిరీగ ఆడది కొసన ఉన్న ఇరుకు దారిలో దూరి, ఆ ప్రయత్నంలో సాధారణంగా రెక్కలు పోగొట్టుకుని, లోపల పరాగ సంపర్కం జరిపి, గుడ్లు పెట్టి, అక్కడే చనిపోతుంది. బయట ఎంతసేపు కూర్చున్నా పువ్వూ కనబడదు, కందిరీగ గూడు లోపల చేసే పనీ కనబడదు. మేడిపండులోని పురుగులను కపటానికి గుర్తుగా ఎగతాళి చేసే మనం, ఆ పురుగులే లేకపోతే మేడిచెట్టుకు విత్తనమే లేదన్న మాట అరుదుగా చెప్పుకుంటాం.

ఈ తేడాలను పక్కన పెట్టి కంప్యూటర్ ముందు కూర్చుంటే ఏమవుతుందో కార్యశాల రెండో భాగంలో తెలిసింది. 2003లోనే బాస్కోంప్టె బృందం ఇలాంటి నెట్‌వర్కులకు ఒక సాధారణ లక్షణం ఉందని చూపింది: కొద్ది సంబంధాలే ఉన్న జాతులు ఎక్కువగా, అందరితోనూ సంబంధమున్న జాతులతోనే ముడిపడి ఉంటాయి. అందువల్ల అరుదైన జాతికి కొంత ఆసరా దొరుకుతుంది. ఇది ముఖ్యమైన పరిశీలనే. కానీ అరుదైన కీటకాన్ని మనం చూడగలిగేది చాలావరకు విరివిగా పూసే మొక్క మీదే కాబట్టి, తక్కువసేపు చూసినా అదే ఆకృతి దానంతట అదే ఏర్పడవచ్చు. మా పరిసరాల్లో సర్కారు తుమ్మ కంప ఎక్కడ చూసినా ఉంది. పట్టికలో దాని వరుస నిండుగా ఉండటంలో దాని ఆకర్షణ ఎంత, దాని సంఖ్యాబలం ఎంత అనేది ఆ ఆకృతిని కొలిచే సూచిక ఒక్కటీ చెప్పదు. కొద్ది రోజుల లెక్కతో సూచికలు కట్టి రంగురంగుల పటాలు గీయడానికి అంత సమయం కేటాయించడం నాకు నచ్చలేదు. ఆ సమయంలో మరో సాయంత్రం బీర పాదు దగ్గర కూర్చోవలసింది.

సున్నాకు విలువ ఎప్పుడు వస్తుందో చెప్పడానికి అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం, కార్లిన్‌విల్ పట్టణం మంచి ఉదాహరణ. అక్కడ చార్లెస్ రాబర్ట్‌సన్ పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచి ఏళ్ల తరబడి ఏ పువ్వు మీద ఏ తేనెటీగ వాలిందో రాసిపెట్టారు. లారా బర్కిల్, జాన్ మార్లిన్, టిఫనీ నైట్ అదే చోట మళ్లీ లెక్క తీసి, 2013లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. 26 అడవి మొక్కల మీద ఒకప్పుడు నమోదైన 109 రకాల తేనెటీగల్లో సగం వరకు కనిపించలేదు. పాత నమోదు అంత నిండుగా ఉంది కాబట్టే కొత్త సున్నాను నష్టమని గట్టిగా చెప్పగలిగారు.

చూపుకు దొరకని సంబంధాలను పట్టుకోవడానికి ఇంకో మార్గం ఉంది. ఫ్యూక్సిన్ రంగు కలిపిన గ్లిజరిన్ జెల్లీ ముక్కను పట్టిన కీటకం ఒంటికి అద్ది, గాజు పలక మీద కరిగించి సూక్ష్మదర్శిని కింద పెడితే, అది అంతకుముందు తిరిగి వచ్చిన పూల పుప్పొడి గులాబీ రంగులో కనిపిస్తుంది. అయితే ఆ గింజలను గుర్తుపట్టడానికి ముందుగా ఆ ఊరి మొక్కలన్నిటి పుప్పొడి నమూనాలు సిద్ధం చేసుకోవాలి. ఓపిక కావలసిన పని అది.

చివరికి మా బృందం సున్నా బదులు మూడు గుర్తులు వాడింది: వీలుకాని సంబంధానికి ఒకటి, సరైన వేళలో చాలినంత సేపు చూసినా రాని దానికి ఒకటి, అసలు ఆ వేళలో చూడని దానికి ఒకటి. మూడో గుర్తే పట్టికలో ఎక్కువ గడులు నింపింది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ పని మొదలుపెట్టాలనుకునే ఉపాధ్యాయులు, విద్యార్థులు ఉదయం తంగేడు పొద దగ్గర, సాయంత్రం బీర పాదు దగ్గర కూర్చుని, ఏదీ రాని సమయాన్ని కూడా గంటతో సహా రాసుకోవలసిందిగా కోరుతున్నాను.