బ్యాండ్ కింద పడిన మాటలు

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, మిత్రులందరికీ నమస్కారం. సమయం తక్కువ గనక నేరుగా విషయంలోకి వస్తాను.

టీవీలో విరామంలో వచ్చే ప్రకటనలతో నాకు పేచీ లేదు. కార్యక్రమం ఆగుతుంది, ప్రకటన అయ్యాక ఆగిన చోటే మొదలవుతుంది. మన సమయం పోతుందే గానీ కార్యక్రమంలో ఒక్క ముక్కా పోదు. నడుస్తున్న దృశ్యం మీద వచ్చి పడే ప్రకటన అలా కాదు. అది కప్పినంత మేరా పోయినట్టే.

దృశ్యాన్ని కుదించి ఒక పక్కన, అడుగున ప్రకటన పరిస్తే ఎల్ బ్యాండ్. కుదించకుండా అడుగున పట్టీ వేస్తే ఆస్టన్ బ్యాండ్. ఎల్ బ్యాండ్ వేసి, దృశ్యాన్ని 80 శాతానికే తగ్గించామంటారు ఛానెళ్లవాళ్లు. ఆ 80 అడ్డానికీ నిలువుకీ విడివిడిగా! 1920 × 1080 పిక్సెళ్ల దృశ్యం 1536 × 864 అవుతుంది. వైశాల్యం లెక్కేస్తే మిగిలింది 64 శాతమే.

అయినా ఎల్ బ్యాండే నయమంటాను, బొమ్మ చిన్నదైనా మొత్తం కనిపిస్తుంది కనక. ఆస్టన్ బ్యాండ్ తెర ఎత్తులో 15 శాతం తీసుకుందనుకోండి, 43 అంగుళాల టీవీలో అది 8 సెంటీమీటర్లు. సబ్‌టైటిల్స్ ఉండేది సరిగ్గా అక్కడే.

ప్రకటనల మోత గురించి కూడా మాట్లాడాలనే వచ్చాను. దాన్ని పక్కన పెడుతున్నాను, ఈ సబ్‌టైటిల్స్ సంగతి తేలాలి. చెవులు వినిపించేవారికి అవి సౌకర్యం. వినపడనివారికి పాత్రల నోటి మాటలే అవి. దృశ్యంలోనే కలిపేసిన సబ్‌టైటిల్స్ బ్యాండ్ కింద పూడిపోతాయి. విడి సంకేతంగా వచ్చేవాటిని సెట్ టాప్ బాక్సు గీస్తుంది. దృశ్యం కుదించుకుపోయిందని దానికి తెలియదు, పాత చోటే గీస్తుంది. ప్రకటన అక్షరాల మీద సంభాషణ అక్షరాలు పడి రెండూ చదవరాకుండా పోతాయి. సంకేత భాషలో చెప్పేవారి చిన్న కిటికీ కూడా సాధారణంగా కింది మూలనే ఉంటుంది. అక్కడ ఉన్నట్టుండి వచ్చే పాప్ అప్ ప్రకటన పడితే చేతులు కనబడవు. చేతులు కనబడకపోతే మాట లేదు. ఆలోచించండి, వార్తల్లో తుపాను హెచ్చరిక చెబుతున్న క్షణంలో ఆ చేతుల్ని కప్పేస్తే?

కావాలని ఎవరూ చేయరు. ఏది ఎప్పుడు రావాలో చెప్పే ప్రసార ప్లేలిస్టులో బ్యాండ్‌ను కార్యక్రమానికి అనుబంధంగా తగిలిస్తారు: మొదలైన 7 నిమిషాలకు రావాలి, 10 సెకన్లు ఉండాలి, ఇలా. సాఫ్ట్‌వేర్ గడియారాన్ని చూస్తుంది, బొమ్మను చూడదు. ఎపిసోడ్‌ను మళ్లీ ఎడిట్ చేసి అర నిమిషం తీసేస్తే, ఖాళీ దృశ్యం మీద పడాల్సిన బ్యాండ్ పతాక సన్నివేశం మీద పడుతుంది.

దీనికి కొత్త యంత్రం అక్కర్లేదు. ప్రసారానికి ముందు నాణ్యత పరీక్ష చేసేవారు, అక్షరాలూ సంకేత భాషా ఉన్న చోట్ల టైమ్‌కోడ్, అంటే అవి వచ్చే కచ్చితమైన సమయం, రాసి ‘ఇక్కడ బ్యాండ్ వద్దు’ అని గుర్తు పెడితే చాలు. ఎడిట్ మారితే ఆ గుర్తులూ మార్చాలి. సబ్‌టైటిల్స్ దృశ్యంలో కలిసి ఉంటే బ్యాండ్ పైకి వెళ్లాలి. అది కదలకుండా ఉండాలి కూడా. ఛానెల్‌కు కేటాయించిన బిట్‌రేట్, అంటే సెకనుకు పంపగల డేటా, పరిమితం. పరుగెత్తే అక్షరాల మీద దృశ్యాన్ని డేటాగా మార్చే ఎన్‌కోడర్ ఆ బిట్లు ఖర్చు చేస్తే, వేగంగా కదిలే సన్నివేశంలో మనుషుల ముఖాలు గళ్లుగళ్లుగా చెదురుతాయి.

మన చట్టంలో ఇది లేదనుకోకండి. 1994 నాటి కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ నియమాల్లో ఏడోది తీసి చదవండి. ప్రకటన కార్యక్రమానికి అడ్డు రాకూడదంటూ, తెర కింది భాగంలో నిలిచి ఉండే పట్టీలనూ కదిలే పట్టీలనూ విడిగా ప్రస్తావించింది.

మీరు చేయాల్సిందల్లా ఫిర్యాదు సరిగా రాయడం. ‘ప్రకటనలు ఎక్కువయ్యాయి’ అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. తేదీ, ఛానెల్, కార్యక్రమం, నిమిషంతో సహా సమయం రాయండి. తెర ఫొటో జతచేయండి. స్కేలుతో తెర ఎత్తూ బ్యాండ్ ఎత్తూ కొలవండి. ఏ వాక్యం చదవలేకపోయారో తప్పకుండా రాయండి. దాని నకలు ఛానెల్‌తో పాటు ప్రకటన ఇచ్చిన కంపెనీకీ పంపండి, ఆ బ్యాండ్‌కు డబ్బు కట్టింది వాళ్లే.