ఎదుట లేనివాళ్లతో మాట్లాడే పాట

శ్రోతలకు నమస్కారం.

ప్రేమ, చావు, భక్తి, ప్రకృతి. భావగీతాల మాట ఎత్తితే ఈ నాలుగూ తప్పకుండా వస్తాయి. పాఠాల్లో వీటిని నాలుగు వస్తువులుగా విడదీసి చెబుతారు. నాకు మాత్రం ఇవి విడివిడిగా వినిపించవు. గీతం చేసే పని ఒక్కటే, ఎదుట లేనివాళ్లతో మాట్లాడటం. ప్రియుడు దూరాన ఉంటాడు, పోయినవాళ్లు తిరిగి రారు, దేవుడు కంటికి కనబడడు. కళ్లెదుట ఉండేవి మబ్బు, ఏరు, చెట్టు, పిట్ట. అందుకే పాడేవాళ్లు వాటిని మధ్యలో పెట్టుకుని మాట్లాడతారు.

మన ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు ఊళ్లలో ముసలమ్మలు శోకాలు పెట్టడం విన్నవాళ్లకు ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు. ఆ ఏడుపుకు ఒక రాగం ఉంటుంది, ఒక విరుపు ఉంటుంది. పోయిన మనిషిని వరస పెట్టి పిలుస్తారు. నువ్వు నాటిన చెట్టు కాయలు ఎవరు కోస్తారు, పిల్లల్ని ఎవరికి అప్పజెప్పి వెళ్లావు అని నిలదీస్తారు. జవాబు రాదని తెలుసు. అయినా అడుగుతారు. దాన్ని ఎవరూ కవిత్వం అనరు గానీ, నా దృష్టిలో మన తెలుగులో ఉన్న గొప్ప కవిత్వంలో అదీ ఒకటి.

మన పక్కనే గజపతి, రాయగడ జిల్లాల కొండల్లో ఉండే సవర గిరిజనులు ఇంకో అడుగు ముందుకు వేశారు. వాళ్ల సంప్రదాయంలో పోయినవాళ్లు జవాబు కూడా చెబుతారు. పూనకంలో ఉన్న పూజారిణి నోట చనిపోయినవాళ్లు మాట్లాడతారు. ఇంటివాళ్లు వాళ్లతో ఏడుస్తారు, వాదిస్తారు, అలకలు తీర్చుకుంటారు. ఇప్పుడు చాలా ఊళ్లలో ఆ ఆచారం తగ్గిపోయింది. పర్లాకిమిడిలో పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు ఆ రోజుల్లోనే సవర భాష నేర్చుకున్నారు, వాళ్ల పాటలూ కథలూ సేకరించారు. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. వాడుక భాష కోసం పోరాడిన మనిషిగానే ఆయన్ని తలుచుకుంటాం. కొండవాళ్ల పాటను చెవి ఒగ్గి విన్న మనిషిగా కూడా తలుచుకోవాలి.

ఇక పూర్ణమ్మ దగ్గరికి వస్తాను. గురజాడ అప్పారావు గారిది విజయనగరం, గిడుగు వారికి చిన్ననాటి స్నేహితుడు. ఆయన పూర్ణమ్మ కథ చెప్పే గేయమే అయినా, నా మాటకు దానికంటే మంచి సాక్ష్యం దొరకదు. పూజారి ఇంట్లో పుట్టిన పిల్ల. రోజూ పూలు కోసి దుర్గమ్మకు పూజ చేస్తుంది. డబ్బుకు ఆశపడి కన్నవాళ్లు ఆమెను ఒక ముసలివాడికి కట్టబెడతారు. అత్తవారింటికి పంపే రోజు వచ్చింది. అన్నదమ్ములతో ఆమె అంటుంది:

"నలుగురు కూర్చుని నవ్వే వేళల
నా పేరొకతరి తలవండి."

ఏడ్చే వేళ అని అనలేదు, చూడండి. నవ్వే వేళ తలుచుకోమంది. నాకు ఈ మాట దగ్గర ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది. తాను చావబోతున్నానని ఆమె ఒక్కసారి కూడా చెప్పదు. సాయంత్రం పూలు తీసుకుని గుడికి వెళ్తుంది, తిరిగి రాదు. ఆమె చచ్చిపోయిందని కవి కూడా చెప్పడు. కన్నుల కాంతులు కలువలను చేరాయంటాడు, నడకల సొగసు హంసలను చేరిందంటాడు, చివరికి "దుర్గను జేరెను పూర్ణమ్మ" అంటాడు. చావు, ప్రకృతి, భక్తి ఆ నాలుగు పాదాల్లోనే కలిసిపోయాయి. ప్రేమ దొరకని పిల్ల కాబట్టి అలా కలిశాయి. అంత అందంగా చెప్పినా కన్నవాళ్ల మీద మనకు కోపం చల్లారదు. గురజాడ దాన్ని చల్లారనివ్వలేదు.

బరంపురంవాళ్లకు ఇది ఇంకాస్త దగ్గరగా తగులుతుంది. రెండేళ్లకోసారి ఊరి దేవత బుఢీ ఠాకురాణి అమ్మవారు దేశీబెహరా వీధిలోని పుట్టింటికి వస్తుంది. తెలుగు మూలాలున్న నేత కుటుంబాలు ఆమెను ఆడపడుచుగా చూసుకుంటాయి, తరువాత సాగనంపుతాయి. దేవతను కూతురిగా పిలుచుకునే ఊళ్లో పూర్ణమ్మను చదివితే, ఆమె దుర్గను చేరడం ఒక్క పద్యంలోని ఊహగా మాత్రమే అనిపించదు.

ప్రేమ గురించి ఎక్కువ చెప్పను, అందరికీ తెలిసిందే. జయదేవుడి "ధీర సమీరే యమునా తీరే" ఒక్కటి చాలు. గాలి, ఏరు, అడవి, వాటి మధ్య ఎదురుచూసే ప్రియుడు. ఆ ప్రియుడు దేవుడే. జయదేవుడి ఈ పాటలను, అంటే అష్టపదులను, పూరీ గుడిలో స్వామి ముందు పాడాలని 1499లో గజపతి రాజు ప్రతాపరుద్రుడు శాసనం వేయించాడు. రామదాసు మాత్రం ఒక పాటలో తన దేవుణ్ణి బతిమాలడు, "ఎవడబ్బ సొమ్మని" అని తిడతాడు. తిట్టే చనువు లేనిదే ఆ పాట రాదు.

నా మాటకు లొంగని కవి ఒకరున్నారు, దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు. ఆకులో ఆకై, పువ్వులో పువ్వై అడవిలో దాగిపోవాలనుకున్న ఆ పాటలో ఎవరినీ పిలవడం లేదు. తనే మాయమైపోవాలనుకుంటాడు. అందులో చావు కోరిక ఉందని కొందరు అనవచ్చు. నాకు అందులో సంతోషమే వినిపిస్తుంది.

ఇక్కడి తెలుగు ఇళ్లలో చాలామంది పిల్లలు బడిలో ఒడియా చదువుతున్నారు, తెలుగు అక్షరాలు రావు. అమ్మమ్మల శోకాలు, గౌరమ్మ పాటలు రాసిపెట్టడానికి అక్షరాలు వచ్చేదాకా ఆగకండి. ఒడియా లిపిలోనే రాయండి, ఫోన్‌లో రికార్డు చేయండి. పాడినామె పేరు, ఊరు, ఏ సందర్భంలో పాడతారో కూడా పక్కన రాయండి. శోకాన్ని ఊరికే పాడమంటే ఎవరూ పాడరు, అది శుభం కాదంటారు. మాటలు మాత్రం చెప్పమనండి, చాలామంది చెబుతారు.

నమస్కారం.