‘చెటుల’ అన్న పిల్లాడితో 20 నిమిషాలు

అందరికీ నమస్కారం.

ఇక్కడున్నవాళ్లలో ఎక్కువమంది రెండు, మూడు తరగతులకు తెలుగు చెప్పేవాళ్లే కాబట్టి నేరుగా విషయానికి వస్తాను: చదవడంలో తడబడే పిల్లల్ని చిన్న గుంపులుగా కూర్చోబెట్టి చదివించడం. “గుణింతాలన్నీ వచ్చు, చదవడమే రాదు” అన్న మాట బడుల్లో తరచూ వినిపిస్తుంది. గుణింతాన్ని వరసగా అప్పజెప్పడం వేరు, మాట మధ్యలో ఉన్న గుర్తును పోల్చుకోవడం వేరు. తరగతంతా కలిసి వల్లెవేస్తుంటే ఆ తేడా మన చెవికి అందదు. చిన్న గుంపు అవసరం అక్కడే.

ముందు ఒక్కొక్కరిచేత ఇదివరకు చూడని పాఠంలోంచి 50 మాటలు చదివించండి. తప్పు వచ్చినచోట పిల్లాడు పలికింది పలికినట్టే రాసుకోండి. మార్కులకన్నా ఆ తప్పే మనకు విలువైనది. ‘చెట్లు’ తీసుకోండి. రాతలో కొమ్ము ‘ట’కు ఉంటుంది, ‘ల’ ఒత్తు దాని కింద ఉంటుంది. పలికేటప్పుడు మాత్రం ఉకారం ‘ల’ తర్వాత వస్తుంది. కనబడ్డ వరసలోనే చదివితే ‘చెటుల’ అవుతుంది. అది అజాగ్రత్త కాదు, రాసినదాన్ని నమ్మి చదివాడు. ‘పుస్తకం’ను ‘పుసతకం’ అన్న పాపదీ ఇదే చిక్కు, ఇద్దరూ ఒకే గుంపు. ‘పుసకం’ అన్నవాడు మాత్రం వేరు. ‘త’ ఒత్తుకు ‘త’ పోలిక ఉండదు కదా, వాడికి అసలు ఆ ఒత్తే తెలియదు.

గుంపుకు నలుగురైదుగురు చాలు, ఆరు దాటనివ్వకండి. అర్ధచంద్రాకారంలో కూర్చోబెట్టి, మీ ముఖం మిగతా తరగతి వైపు ఉండేలా చూసుకోండి. మొదటి 5 నిమిషాలు ఒకే రకం మాటలు: మెట్లు, నోట్లు, కోట్లు. తర్వాత 10 నిమిషాలు అలాంటి మాటలున్న చిన్న పాఠం. ఒకరి తర్వాత ఒకరిచేత చదివించకండి, నాలుగోవాడు అప్పటికే విని బట్టీపట్టేస్తాడు. అందరూ ఎవరి పుస్తకం వాళ్లు మెల్లగా చదువుకుంటుంటే, మీరు ఒక్కొక్కరి దగ్గరికి వంగి వినండి. ఆగిపోతే వెంటనే అందించొద్దు, మనసులో 5 లెక్కపెట్టండి. అప్పటికీ రాకపోతే “పైన ఏముంది? కింద ఏముంది? రెండూ కలిపాక గుర్తు పలుకు” అనండి. 50 మాటల్లో 5కు మించి తప్పులొస్తే ఆ పాఠం వాళ్లకు బరువు, తేలికది ఇవ్వండి. చివరి 5 నిమిషాలు చదివినదాని గురించి మాట్లాడించి, రెండు మాటలు చెప్పి రాయించండి.

మూడో తరగతి చివరికి నిమిషానికి కనీసం 60 మాటలు అర్థంతో చదవాలన్నది నిపుణ్ భారత్ (చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు నేర్పే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం) లక్ష్యం. అయినా ఈ గుంపులో గడియారం పెట్టకండి. ‘వెళ్లాలనుకుంటున్నాడు’ కూడా లెక్కకు ఒక్క మాటే, తొందరపెడితే పిల్లలు మాట చివర మింగేస్తారు.

ఎక్కువగా బెడిసికొట్టేది మిగతా పిల్లల దగ్గర. వాళ్లకు కొత్త పని ఇస్తే నిమిషానికొకరు సందేహంతో వస్తారు. నిన్న చదివిన పాఠాన్నే జతలుగా మళ్లీ చదవమనండి. గుంపులు మొదలుపెట్టే ముందు ఒక వారమంతా ఈ జత చదువు ఒక్కటే అలవాటు చేయండి.

రెండు వారాలకోసారి కొత్త పాఠంతో మళ్లీ వినండి. అందులో ‘ఇట్లు’, ‘పొట్లం’ తడబడకుండా చదివిన పిల్లాణ్ని ఆ రోజే ఆ గుంపులోంచి మార్చేయండి.