చిన్న పడవలో లైఫ్ రాఫ్ట్: ఎక్కడ పెట్టాలి, ఎలా చూసుకోవాలి

నమస్కారం. సరదాగా చిన్న పడవలో సముద్రంలోకి వెళ్లేవాళ్ల కోసం ఈ వీడియో. లైఫ్ రాఫ్ట్ అంటే పడవ మునిగిపోతుంటే ఎక్కడానికి పనికొచ్చే, గ్యాస్‌తో ఉబ్బే తెప్ప.

ఇదిగో, సంచిలో వచ్చే రాఫ్ట్. ఇది గట్టి డబ్బాలో వచ్చేది. సంచిని తడి తగలకుండా లోపల పెట్టాలి, డబ్బాను డెక్ మీద స్టాండుకు బిగించాలి. చోటుంటే డబ్బానే తీసుకోమంటాను. సంచి లాకర్లోకి వెళ్లిందంటే చాలు, దాని మీద తాళ్లూ సామానూ పేరుకుపోతాయి. దూరపు సెయిలింగ్ రేసుల్లో రాఫ్ట్‌ను 15 సెకన్లలో రెయిలింగ్ దగ్గరికి తేగలగాలని నియమం ఉంది. మీ పడవలో ఫోన్ టైమర్ పెట్టి ఒకసారి చూడండి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది, ఈ తాడు. దీన్ని పెయింటర్ అంటారు. దీని కొస ఎప్పుడూ పడవకు కట్టే ఉండాలి. కట్టకుండా విసిరితే రాఫ్ట్ కొట్టుకుపోతుంది, మీరు పడవలోనే ఉండిపోతారు. నీళ్లలో వేశాక తాడును లాగుతూనే ఉండాలి. చాలా పొడవు వస్తుంది, టెన్షన్ పడకండి. బిగుసుకున్నాక గట్టిగా ఒక్క గుంజు గుంజితే గ్యాస్ సిలిండర్ తెరుచుకుని రాఫ్ట్ ఉబ్బుతుంది.

డబ్బాకు ఈ చిన్న పరికరం ఉందా? ఇది హైడ్రోస్టాటిక్ రిలీజ్. పడవ మునిగిపోతే 4 మీటర్ల లోతుకు చేరేలోపే నీటి ఒత్తిడికి పనిచేసి డబ్బాను వదిలేస్తుంది. చాలా రకాలను రెండేళ్లకోసారి మార్చాలి. గడువు దాని మీదే ఉంటుంది, చూసుకోండి.

డబ్బా మీద కూర్చోవద్దు, నిలబడొద్దు. నీళ్లు కారే రంధ్రాలు కిందివైపు ఉండాలి. సర్వీసింగ్ మాత్రం కంపెనీ చెప్పిన గడువుకి, వాళ్లు గుర్తించిన కేంద్రంలోనే చేయించండి, ఇంట్లో విప్పొద్దు. గ్యాస్ బరువు, అతుకులు, ఫ్లేర్లు (సాయం కోసం వెలిగించే సంకేత మంటలు), బ్యాటరీలు అక్కడ పరీక్షిస్తారు. వీలైతే దగ్గరుండి చూడండి. లోపల ఏది ఎక్కడుందో తెలిసిపోతుంది.

తొందరపడి రాఫ్ట్ ఎక్కొద్దు. 1979లో బ్రిటన్‌లో జరిగిన ఫాస్ట్‌నెట్ అనే సెయిలింగ్ రేసులో వచ్చిన తుఫానులో 15 మంది నావికులు చనిపోయారు. సిబ్బంది వదిలేసిన 24 పడవల్లో మునిగినవి 5 మాత్రమే. పడవ నిజంగా మునుగుతుంటేనో, ఆరని మంట అంటుకుంటేనో ఎక్కండి. అందరూ ఎక్కాక ద్వారం పక్కనుండే కత్తితో పెయింటర్ కోసేయండి.