వినపడుతోంది, కానీ అర్థం కావట్లేదు: తలదెబ్బ తర్వాత ఆడియోగ్రామ్ చెప్పని సంగతి

[తెర మీద: ఆడియోగ్రామ్ చార్టు]

నమస్తే. ఈ చార్టు చూడండి. వినికిడి పరీక్ష రిపోర్టు ఇది, ఆడియోగ్రామ్ అంటారు. 250 నుంచి 8000 హెర్ట్జ్ దాకా, అంటే తగ్గు స్వరం నుంచి హెచ్చు స్వరం దాకా, గుర్తులన్నీ 25 డెసిబెల్స్ లోపే ఉన్నాయి. చెవి బాగానే ఉందన్నమాట. కానీ తలకు దెబ్బ తగిలిన కొందరు చేతిలో ఇలాంటి రిపోర్టే పెట్టుకుని, "నలుగురు మాట్లాడుతుంటే ఒక్క ముక్క అర్థం కావట్లేదు" అంటారు. "రిపోర్టు నార్మలేగా, కావాలనే వినిపించుకోవట్లేదు" అని ఇంట్లోవాళ్ల సణుగుడు. పాపం, దెబ్బ తగిలినవాళ్ల తప్పేం లేదు.

ఈ పరీక్ష అడిగేది ఒక్కటే: బీప్ వినపడిందా, లేదా? వరసగా వచ్చిన శబ్దాల్లో ఏది హెచ్చు, ఏది తగ్గు, ఏది ముందు అని పోల్చుకునేది మెదడు. దాన్ని ఇది కొలవదు.

[ధ్వని: మూడు బీప్‌లు, హెచ్చు–తగ్గు–హెచ్చు]

విన్నారుగా? ఇది ఫ్రీక్వెన్సీ ప్యాటర్న్ టెస్ట్. హెచ్చు స్వరం 1122 హెర్ట్జ్, తగ్గు స్వరం 880. ఒక్కోటి 150 మిల్లీసెకన్లు, మధ్యలో 200 విరామం. మూడూ కలిపి సెకను కూడా పట్టదు. విన్న వరసను నోటితో చెప్పాలి.

అసలు విచిత్రం ఇక్కడే. కొంతమంది చెప్పలేరు. "పోనీ, కూనిరాగం తీయండి" అంటే మాత్రం ఠక్కున తీసేస్తారు!

[బొమ్మ: మెదడు రెండు సగాలు, మధ్యలో కట్ట]

బాణీని పట్టుకోవడంలో ప్రధాన పాత్ర కుడి సగానిది. దాన్ని మాటల్లో పెట్టేది, చాలామందిలో, ఎడమ సగం. రెంటినీ కలిపే నరాల కట్ట కార్పస్ కలోసమ్. తల విసురుగా ఊగినప్పుడు లోపలి తంతువులు సాగి దెబ్బతినే చోట్లలో ఇదొకటి. ఆ దారి పాడైతే కుడివైపు పట్టుకున్నది ఎడమవైపుకి చేరదు. మూర్ఛ కోసం ఈ కట్టను ఆపరేషన్‌లో కోసినవాళ్ల మీద ఫ్రాంక్ మ్యూసిక్ (Frank Musiek) అనే పరిశోధకుడి బృందం 1980లో ప్రచురించిన అధ్యయనంలోనూ ఇదే తేలింది. కూనిరాగం కూడా రాకపోతే బాణీని పట్టుకునే చోటే దెబ్బతిని ఉండొచ్చు.

ఒక చిక్కుంది. తలదెబ్బ తర్వాత ఏకాగ్రత, జ్ఞాపకం కూడా తగ్గొచ్చు కాబట్టి, ఆ దారి బాగానే ఉన్నా అలసిపోయిన మనిషికి మార్కులు తక్కువ రావచ్చు. అందుకే తలకు ఎలక్ట్రోడ్లు పెట్టి, ఒకే బీప్ పదేపదే వినిపిస్తూ మధ్యలో వేరేది వేసే పరీక్ష కూడా ఉంది. మనిషి పట్టించుకోకపోయినా, మెదడు తేడా పసిగడితే దాదాపు 150–250 మిల్లీసెకన్లలో చిన్న అల కనపడుతుంది.

మీ ఇంట్లో ఇలాంటివాళ్లుంటే, సెంట్రల్ ఆడిటరీ ప్రాసెసింగ్ పరీక్షలు, అంటే విన్నదాన్ని మెదడు ఎలా పోల్చుకుంటుందో చూసేవి, చేస్తారా అని ఆడియాలజిస్టుని, అంటే వినికిడి నిపుణుల్ని, అడగండి. అన్నిచోట్లా ఉండవు, ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఈలోగా వాళ్లతో మాట్లాడేటప్పుడు టీవీ కట్టేసి, ఎదురుగా కూర్చుని, ఒక్కొక్కరే మాట్లాడండి.