డబ్బా వెనక్కి తిప్పి చదవండి: క్యాన్సర్ చికిత్సలో పుట్టగొడుగులు

నమస్కారం. క్యాన్సర్‌కు పుట్టగొడుగులు పనిచేస్తాయా అంటే అవుననో కాదనో తేల్చేయలేం. ఏ పుట్టగొడుగు, దాన్నుంచి తీసిన ఏ పదార్థం, ఎంత మోతాదు, ఏ చికిత్సతో కలిపి? ఈ నాలుగూ తెలియాలి.

నాలుగూ తెలిసిన ఉదాహరణ చెప్తాను. టర్కీ టెయిల్ అనే పుట్టగొడుగు నుంచి తీసిన పీఎస్‌కే అనే సారాన్ని జపాన్ 1977లో మందుగా ఆమోదించింది. జీర్ణాశయ క్యాన్సర్‌కు ఆపరేషన్ అయిన 262 మంది మీద అక్కడే చేసిన పరీక్ష ఫలితాలు 1994లో వెలువడ్డాయి. కీమో మాత్రమే తీసుకున్నవాళ్లలో అయిదేళ్లకు 60 శాతం మంది బతికున్నారు. కీమోతో పాటు రోజుకు 3 గ్రాముల పీఎస్‌కే వాడినవాళ్లలో 73 శాతం. గమనించండి, కీమో ఎవరూ మానలేదు. రీషి అనే మరో పుట్టగొడుగుదీ అదే దారి: కీమోకో రేడియేషన్‌కో తోడుగా ఇస్తే కొంత మేలు కనిపించింది, దానంతట అది గడ్డను కరిగిస్తుందనడానికి ఆధారం లేదు.

ఈ పుట్టగొడుగుల్లోని బీటా గ్లూకాన్లు అనే పీచు పదార్థాలు మన రోగనిరోధక కణాల మీదుండే డెక్టిన్-1 గ్రాహకానికి అతుక్కుని వాటిని చురుగ్గా చేస్తాయి. అయితే పుట్టగొడుగు కణాల గోడలో కైటిన్ అనే గట్టి పదార్థం ఉంటుంది, అది సరిగా అరగదు. అందుకే వేడినీళ్లలో చాలాసేపు మరిగించి సారం తీస్తారు.

బయట అమ్మే పుట్టగొడుగు పొడుల విషయంలో మోసమంతా లేబుల్ దగ్గరే. 'పాలీశాకరైడ్లు' (చక్కెర అణువుల గొలుసులు, బీటా గ్లూకాన్లూ ఈ కోవలోవే) ఇంత శాతం అని గొప్పగా వేస్తారు. పిండిపదార్థం కూడా పాలీశాకరైడే కదా! పుట్టగొడుగును ధాన్యం మీద బూజులా పెంచి, ఆ ధాన్యంతో సహా పొడి కొట్టిన సరుక్కీ ఆ అంకె బాగానే వస్తుంది. చూడాల్సింది బీటా గ్లూకాన్ల శాతం. అనుమానముంటే అరచెంచా పొడిని నీళ్లలో మరిగించి, పూర్తిగా చల్లార్చి, రెండు చుక్కల అయోడిన్ వేయండి. ముదురు నీలంగా మారితే అందులో పిండి ఉన్నట్టే. వేడి మీద వేస్తే రంగు నిలవదు, పిండి లేదని పొరబడతారు.

హాని సంగతి కూడా చెప్పాలి. కాలేయ క్యాన్సర్ ఉన్న 72 ఏళ్ల జపాన్ మహిళ ఛాగా అనే పుట్టగొడుగు పొడిని రోజుకు నాలుగైదు చెంచాల చొప్పున ఆరు నెలలు వాడింది. అందులోని ఆక్సలేట్ పేరుకుని ఆమె కిడ్నీలు దెబ్బతిన్నాయి. రీషి రక్తం గడ్డకట్టడాన్ని తగ్గించవచ్చు, కాబట్టి రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవాళ్లు దాని జోలికి వెళ్లొద్దు. ఆపరేషన్ ఉంటే కనీసం రెండు వారాల ముందే ఆపేయాలి. అవయవ మార్పిడి అయినవాళ్లకు రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టడమే ప్రమాదం.

ఆంకాలజిస్టు (క్యాన్సర్ డాక్టర్) దగ్గరికి వెళ్లేటప్పుడు పేరు గుర్తుపెట్టుకుని చెప్పడం కాదు, డబ్బానే పట్టుకెళ్లండి. రోజుకు ఎంత, ఎప్పటినుంచి వాడుతున్నారో దానిమీదే రాసి ఉంచండి.