కథ ముందు, మీనింగ్స్ తర్వాత

ఇంగ్లీషు టీచర్లందరికీ నమస్కారం.

విజయనగరంలో నిలబడి ఇంగ్లీషు చదువు గురించి మాట్లాడుతూ గిరీశాన్ని తలచుకోకుండా ఉండటం నా వల్ల కాదు. మా అబ్బాయీ మీరూ ఒకసారి ఇంగ్లీషు మాట్లాడండి బాబూ అని వెంకమ్మ ముచ్చటపడి అడుగుతుంది. గిరీశం ట్వింకిల్ ట్వింకిల్ ఎత్తుకుంటాడు. వెంకటేశం డేరాలో తెల్లదొర ఉన్నాడంటాడు, ఎఫ్‌తో ముగిసే నామవాచకాల సూత్రం అప్పజెబుతాడు. 1892లో ఈ ఊళ్లోనే మొదటిసారి ఆడిన నాటకం కన్యాశుల్కం. ఆ సీనుకి ఇప్పటికీ పగలబడి నవ్వుతాం. పద్యం సారాంశాన్ని గైడులోంచి బట్టీ పట్టించి, తనిఖీకి వచ్చినవారి ముందు పిల్లల చేత చెప్పించినప్పుడు మనం ఆడుతున్నది ఏ సీనండీ?

ఏడో తరగతి పిల్లకి ఇంగ్లీషు రాకపోవచ్చు. అవమానం తెలుసు, అప్పు తెలుసు, నాన్న వలస పోతే ఇల్లెలా ఉంటుందో తెలుసు. ఆమె ఇంగ్లీషు మూడో తరగతి దగ్గర ఆగిందని, బుర్ర కూడా అక్కడే ఆగినట్టు కుందేలు, తాబేలు కథలిస్తాం. విసుగు పుట్టదా మరి?

ఇంగ్లీషు రచయిత గాల్స్‌వర్దీ రాసిన ‘క్వాలిటీ’ కథ తీసుకోండి. లండన్‌లో గెస్లర్ అనే జర్మన్ ముసలాయన చేత్తో బూట్లు కుడతాడు. ఆర్డరిస్తే ఎప్పటికి వస్తాయో తెలీదు, వస్తే మాత్రం ఓ పట్టాన అరగవు. ప్రకటనలిచ్చే పెద్ద కంపెనీలు బేరాలన్నీ పట్టుకుపోతాయి. వచ్చిన డబ్బంతా అద్దెకీ తోలుకీ పోసి, ఆయన తిండి లేక చనిపోతాడు. ఒకే పనసమాను తొలిచి, అతుకు లేని ఏకాండి వీణ చేసే బొబ్బిలి వైపు పిల్లలకి ఈ కథ ఎవరు విప్పి చెప్పాలి? పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి ఏకే అమ్మమ్మలున్న పిల్లలకో? ముందు తెలుగులో సగం కథ చెప్పండి. కొత్త బూట్లు కిర్రుమన్నాయని కొన్నాయన ఫిర్యాదు చేసే చోట ఆపేయండి. ముసలాయన ఏమంటాడో పిల్లల్ని ఊహించమనండి, తెలుగులోనే. ఆ తర్వాత ఆ ఒక్క పేజీ ఇంగ్లీషులో మీరే గట్టిగా, నాటకంలా చదవండి. తమ ఊహ నిజమైందో లేదో తేల్చుకోవాలని చెవులు రిక్కిస్తారు. మీనింగ్స్ అప్పుడు అడుగుతారు, వాళ్లంతట వాళ్లే.

నాకు ఈ కథ మీద ఇంత ఇష్టం ఉండటానికి ఇంకో కారణం గెస్లర్ ఇంగ్లీషు. ‘ఇట్’ అనబోయి ‘ఇడ్’ అంటాడు. రచయిత ఆ యాసని దిద్దకుండా అలాగే అచ్చు వేయించాడు. కథ మొత్తంలో అందరికంటే ఆత్మగౌరవమున్న మనిషి మాట్లాడేది ఆ ఇంగ్లీషే. తప్పు మాట్లాడితే నవ్వుతారేమోనని వెనక బెంచీలో టెన్షన్‌తో కూర్చునే పిల్లలకి ఆ డైలాగులు ఇచ్చి చెప్పించండి. ఆ రోజుకి ఉచ్చారణ దిద్దకండి.

తెలుగులో చెబితే ఇంగ్లీషెప్పుడొస్తుందని మీలో కొందరు అడుగుతారు. సబబే. పేరా చదవడం, వాక్యం వాక్యం అనువదించడం, ఇది నేను అడగడం లేదు. దానివల్ల కథా మిగలదు, ఇంగ్లీషూ రాదు. తెలుగు మాట పిల్లల్ని కథ గుమ్మం దాకా తీసుకెళ్తే చాలు.

సీతంపేట వైపు పనిచేసేవారికి ఇదీ చాలదు. అక్కడ చాలామంది పిల్లల ఇంటి మాట సవర. తెలుగే రెండోది. గిడుగు వారు పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూనే సవర నేర్చుకుని, వాళ్ల భాషలో వాచకాలు రాశారు. అంత పని మనవల్ల కాకపోవచ్చు. ఇంగ్లీషు కథ విన్నాక, అలాంటి కథ మీ ఇంట్లో చెబుతారా అని అడిగి, సవరలో చెప్పనిచ్చి, పక్కవాడి చేత తెలుగు చేయించి, అందులో రెండు వాక్యాలు బోర్డు మీద ఇంగ్లీషులో రాయడం ఒక పీరియడ్ పని. సిలబస్ వెనకబడుతుంది, నిజమే. నాలుగు పాఠాలు పూర్తిచేసి ఒక్కటీ గుర్తులేని పిల్లలకంటే, రెండింటి గురించి వాదించే పిల్లలు నయమని నా లెక్క.

మీ ముందున్న జిరాక్సులో ‘క్వాలిటీ’ మొదటి పేజీ ఉంది. డిక్షనరీలు, ఫోన్లు లోపల పెట్టేయండి. ముందు వరసలోని మేడమ్ గారు ఎనిమిదో తరగతి అమ్మాయి, నేను టీచర్ని. మొదలుపెడదాం.